మొక్కజొన్న సంచి మీద ‘జీఎం కాదు’ అన్న ముద్రకు డబ్బివ్వాలా? – పెరటి కోళ్ల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో పెరటి కోళ్ల గురించి రాసినప్పుడు దాణా సంగతి రెండు వాక్యాల్లో తేల్చేశాను. ఆ రెండు వాక్యాలు చాలలేదని ఆ తరువాత వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. జన్యుమార్పిడి (జీఎం) పంటల జాడ లేని దాణా కావాలి, అది చేతికందే ధరలో ఉండాలి అన్నదే దాదాపు అందరి కోరిక. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, కొన్నింటికి వివరంగానూ కొన్నింటికి క్లుప్తంగానూ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా మామిడితోటలో నలభై పెట్టలున్నాయి. సగం వనరాజా, సగం నాటువి. గుడ్లు వారానికోసారి హైదరాబాద్‌లోని ఒక అపార్టుమెంటుకు పంపుతాం. అక్కడివారు ఈమధ్య “మీ కోళ్లకు జీఎం దాణా పెట్టడం లేదు కదా?” అని అడుగుతున్నారు. మాకు దాణా అమ్మే కొట్టాయన ‘నాన్ జీఎంఓ మొక్కజొన్న’ అంటూ వేరే సంచి చూపించి కిలోకు తొమ్మిది రూపాయలు ఎక్కువ చెబుతున్నాడు. హైబ్రిడ్ మొక్కజొన్న అంటే జీఎం అనేనా? నమ్మకమైన దాణా తక్కువలో ఎక్కడ దొరుకుతుంది? – ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా

జవాబు: అమ్మా, ఆ తొమ్మిది రూపాయలు ఇవ్వకండి. మన దేశంలో వాణిజ్య సాగుకు అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత వంకాయ గురించి పెద్ద చర్చ జరిగి 2010లో దాన్ని నిలిపివేశారు, ఆవాలది ఇంకా కోర్టులో నలుగుతున్న వ్యవహారం. మొక్కజొన్నకు సాగు అనుమతి రాలేదు. కాబట్టి మీ ఊరి కళ్లంలో ఆరబోసిన మొక్కజొన్నా, కొట్టాయన ప్రత్యేకమని చూపిస్తున్న మొక్కజొన్నా ఈ విషయంలో ఒకటే. ఆయన మిమ్మల్ని మోసగిస్తున్నాడని అనను, ఆయనకూ ఎవరో అలాగే చెప్పి అమ్మి ఉండవచ్చు.

హైబ్రిడ్‌కూ జీఎంకూ ఉన్న తేడా తెలిస్తే ఇలాంటి ఖర్చు చాలామందికి తప్పుతుంది. ఒకే పంటలోని రెండు వేర్వేరు వంశాల మొక్కలను పుప్పొడి ద్వారా సంకరం చేసి తీసిన విత్తనం హైబ్రిడ్. బయటి జీవి నుంచి, బీటీ పత్తి విషయంలో నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి, జన్యువును తీసి మొక్కలో ప్రయోగశాలలో చేర్చితే అది జన్యుమార్పిడి. బీటీ పత్తి విత్తనాలు హైబ్రిడ్ సంచుల్లోనే ఊళ్లకు వచ్చినందువల్ల రెండు మాటలూ మన నోళ్లలో కలిసిపోయాయి. మన దేశంలో పండే మొక్కజొన్న, జొన్న, సజ్జ హైబ్రిడ్లు ఎంత దిగుబడి ఇచ్చినా అవి జీఎం కావు.

అలాంటప్పుడు మన కోళ్ల దాణాలోకి జీఎం సరుకు ఏ దారిన వస్తుంది? మొదటి దారి పత్తిగింజల చెక్క, అంటే గింజ నుంచి నూనె తీశాక మిగిలే పిండి. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ రకాలే కాబట్టి మిల్లులో దొరికే పత్తి చెక్క జీఎం పంట నుంచి వచ్చిందే అనుకోవాలి. రెండో దారి దిగుమతి అయిన సోయా చెక్క. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోనూ మన ఆదిలాబాద్, నిర్మల్ వైపూ పండే సోయా జీఎం కాదు. అయితే 2021లో సోయా చెక్క ధర విపరీతంగా పెరిగి కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెట్టినప్పుడు, నూనె తీసి పిండి చేసిన సరుకులో మొలకెత్తగల జీవం ఉండదన్న కారణంతో కేంద్రం ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. ధర మళ్లీ మండితే మళ్లీ అలా జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మూడో దారి అంతగా కనిపించదు. దాణాలో శక్తి కోసం కలిపే సోయా నూనెలో చాలా భాగం అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల నుంచి వస్తుంది, అక్కడి సోయా దాదాపు అంతా జీఎం. నాలుగోది కంపెనీ దాణాల్లో గ్రాముల లెక్కన కలిపే విటమిన్లు, లైసిన్ అనే ప్రొటీన్ భాగం వంటివి. వీటిలో కొన్నింటిని జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులతో పులియబెట్టి తయారుచేస్తారు. అంత లోతుకు వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే నలభై పెట్టలున్న ఇంటికి ఆ వేట అనవసరం.

కాబట్టి మీరు చేయవలసింది కొత్త సరుకు వెతకడం కాదు, కట్టిన సంచిలో కలిపి వచ్చే దాణాను మాని విడి దినుసులు కొనుక్కోవడం. మొక్కజొన్నకు మీ జిల్లా పెట్టింది పేరు. కొట్టుకు వెళ్లకుండా రైతు దగ్గరే కొనండి, వానాకాలం పంట కంటే ఏప్రిల్, మే నెలల్లో వచ్చే యాసంగి గింజను కొనండి, ఎందుకంటే ఎండల్లో ఆరిన గింజలో తేమ తక్కువగా ఉండి బూజు భయం తగ్గుతుంది. నూకలకూ తవుడుకూ దగ్గరలోని రైస్ మిల్లు, కంది చున్నీకి పప్పు మిల్లు, చెక్కకు గానుగ. గానుగలో మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: “ఈ చెక్క ఏ గింజది, దీనిలో ఇంకేమైనా కలిసిందా?” వేరుశనగకూ నువ్వులకూ పొద్దుతిరుగుడుకూ మన దేశంలో జీఎం రకాలు లేవు. అందువల్ల పత్తి చెక్క కలపలేదని గానుగ యజమాని నమ్మకంగా చెప్పగలిగితే మీ అపార్టుమెంటు వారికి మీరూ అంతే నమ్మకంగా జవాబు చెప్పవచ్చు.

వారికి ఇంకొక మాట కూడా చెప్పండి. జీఎం దాణా తిన్న కోడి గుడ్డు జీఎం గుడ్డు అయిపోదు. దాణాలోని ప్రొటీన్లూ జన్యుపదార్థమూ కోడి పేగుల్లో మిగతా ఆహారంలాగే జీర్ణమవుతాయి. జీఎం మీద కఠినమైన నియమాలున్న ఐరోపా సమాఖ్య కూడా అలాంటి దాణా తిన్న కోళ్ల గుడ్లకు ప్రత్యేక ముద్ర తప్పనిసరి చేయలేదు. అయినా ఏ పద్ధతిలో పండిన గింజ తమ ఇంట్లోకి రావాలో ఎంచుకునే హక్కు కొనేవారికి ఉంది, దానికోసం అడిగితే తప్పు పట్టనవసరం లేదు.

నెలకు యాభై కిలోల మొక్కజొన్న వాడితే ఆ ప్రత్యేక సంచి మీకు అదనంగా 450 రూపాయల భారం. ఆ డబ్బును చెక్క మీద పెడితే గుడ్ల బుట్టలో తేడా కనిపిస్తుంది.

ప్రశ్న: మాకు ఆదోనిలో పత్తిగింజల చెక్క చవకగా దొరుకుతుంది. గేదెలకు పెడుతున్నాం, పాలు బాగానే ఇస్తున్నాయి. కోళ్లకూ పెట్టవచ్చా? బీటీ అయితేనే ప్రమాదమని, నాటు పత్తి చెక్క అయితే మంచిదని ఒకరన్నారు. – ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: గుడ్లు పెట్టే కోళ్లకు పెట్టకండి, నాటు పత్తిదైనా సరే. ఇక్కడ అసలు చిక్కు బీటీ జన్యువు కాదు, పత్తిగింజలో పుట్టుకతోనే ఉండే గాసిపాల్ అనే పదార్థం. గేదె కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు కట్టిపడేస్తాయి కాబట్టి పెద్ద పశువులు తట్టుకుంటాయి. కోడికి ఆ ఏర్పాటు లేదు. గాసిపాల్ సొనలోని ఇనుముతో కలిసినప్పుడు, గుడ్డు కొన్నాళ్లు నిలవ ఉంటే సొన ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. పత్తినూనెలో ఉండే ఒక రకం కొవ్వు ఆమ్లాల వల్ల తెల్లసొనకు గులాబీ రంగు వస్తుంది. గుడ్డు పగలగొట్టి ఆ రంగు చూసిన గృహిణి మళ్లీ మీ ఇంటి గడప తొక్కదు. మోతాదు పెరిగితే కోడి మేత తగ్గించి బరువు కోల్పోతుంది కూడా. పెద్ద ఫారాల్లో ఇనుప లవణం కలిపి గాసిపాల్‌ను అదుపుచేసే పద్ధతులున్నాయి కానీ, ఇంటి దగ్గర తూకం తప్పితే రెండింటికీ చెడుతుంది. చవకగా దొరికే చెక్కను గేదెలకే ఉంచి, వాటికి పెట్టే వేరుశనగ చెక్కలో కొంత కోళ్లవైపు మళ్లించండి.

పనిలో పనిగా మరొక హెచ్చరిక. ఎరువుల కొట్లలో ఆముదపు చెక్క, వేప చెక్క, కానుగ చెక్క ఒకే వరుసలో పేర్చి ఉంటాయి. అవి పొలానికి మాత్రమే. ఆముదపు చెక్క కోళ్లకు విషం. అలాగే నాటగా మిగిలిన విత్తనాలకు గులాబీ రంగో నీలం రంగో పట్టించి ఉంటే అది పురుగు, తెగులు మందు. ఎన్నిసార్లు కడిగినా కోళ్లకు వేయకూడదు.

ప్రశ్న: సోయా చెక్క లేకుండా దాణా ఇంట్లో కలుపుకోవడానికి కొలతలు చెప్పండి. మాకు వేరుశనగ చెక్క పుష్కలంగా దొరుకుతుంది. ఖర్చు ఎలా లెక్కవేసుకోవాలో కూడా చెప్పగలరు. – ఇద్దరు పాఠకులు, అనంతపురం జిల్లా

జవాబు: గుడ్లు పెట్టే పెట్టకు దాణాలో సుమారు 16 శాతం ప్రొటీన్, మూడున్నర శాతం వరకు కాల్షియం కావాలి. మొక్కజొన్నలో ప్రొటీన్ ఎనిమిది, తొమ్మిది శాతం, నూకల్లో ఇంకొంచెం తక్కువ, సజ్జల్లో పదకొండు, తవుడులో పన్నెండు, పదమూడు. గింజలు ఎన్ని కలిపినా పదహారు అందదని దీన్నిబట్టే తెలుస్తుంది. వేరుశనగ చెక్కలో 40 నుంచి 45 శాతం, నువ్వుల చెక్కలో 35 నుంచి 40 శాతం ఉంటుంది.

వంద కిలోలకు నేను చెప్పే పాళ్లు ఇవి: నలగ్గొట్టిన మొక్కజొన్న 40 కిలోలు, సజ్జలు 10, నూకలు 10, తవుడు 8, వేరుశనగ చెక్క 12, నువ్వుల చెక్క 8, ఎండుచేపల పొడి 4, ఆల్చిప్పల పొడి లేదా సున్నపురాయి గుళికలు 7, కోళ్ల ఖనిజ మిశ్రమం 1. లెక్క కట్టి చూస్తే ప్రొటీన్ పదహారుకు దగ్గరగా వస్తుంది. వేరుశనగ చెక్కలో లైసిన్, మిథియోనిన్ అనే అవసరమైన అంశాలు రెండూ తక్కువ. నువ్వుల చెక్క మిథియోనిన్‌ను పూడుస్తుంది, లైసిన్‌ను ఎండుచేపలు పూడుస్తాయి. చేపల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి వేరే ఉప్పు కలపకండి, మరీ ఉప్పగా ఉన్న చేపలైతే కడిగి మళ్లీ ఎండబెట్టండి. పిల్లలకు ఈ మిశ్రమం పనికిరాదు. మొదటి ఆరు వారాలు వాటికి 18 నుంచి 20 శాతం ప్రొటీన్ కావాలి, పెట్టలకు వేసినంత సున్నం వేస్తే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పూర్తిగా కట్టి పెంచే పెట్ట రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. తోటలో తిరిగే పెట్ట పురుగూ గడ్డిగింజా తానే ఏరుకుంటుంది కాబట్టి సాయంత్రం గూట్లోకి చేరే ముందు 40 నుంచి 50 గ్రాములు చాలు. ఉదయమే కడుపు నింపి వదిలితే ఏరుకునే ఓపిక దానికి ఉండదు, అరుగు కింద చేరి కునుకు తీస్తుంది.

ఇక ఖర్చు. గింజల ధరను పోల్చడానికి మద్దతు ధర మంచి కొలబద్ద. 2025-26కు క్వింటాలుకు మొక్కజొన్న 2,400, సజ్జ 2,775, హైబ్రిడ్ జొన్న 3,699, రాగి 4,886 రూపాయలు. పాత పద్ధతి అంటూ మొక్కజొన్న తీసేసి ఆ నలభై కిలోలూ జొన్నలే వేస్తే వంద కిలోల దాణాకు 520 రూపాయలు పెరుగుతుంది, గుడ్డు సొన రంగు కూడా తగ్గుతుంది. సజ్జలు మాత్రం ధరకు తగ్గ సరుకు. రాగులు మనుషులు తిననివ్వండి. చెక్కల విషయంలో కిలో ధరను కాక, ప్రొటీన్ ధరను పోల్చండి. ఉదాహరణకు 42 శాతం ప్రొటీన్ ఉన్న వేరుశనగ చెక్క కిలో 50 రూపాయలనుకుంటే అందులోని ప్రొటీన్ కిలో సుమారు 119 రూపాయలకు పడుతుంది. 28 శాతం ఉన్న పొద్దుతిరుగుడు చెక్క కిలో 36 రూపాయలకు వస్తోందని సంబరపడితే, అందులోని ప్రొటీన్ దాదాపు 129 రూపాయలు. చవకగా కనిపించినదే ఖరీదైనదన్నమాట.

అనంతపురం వారికి ప్రత్యేకంగా చెప్పవలసినది బూజు సంగతి. వేరుశనగ కాయ ఊరే దశలో వాన ముఖం చాటేసి నేల పగుళ్లిస్తే, భూమిలో ఉన్న కాయలోకే పసుపుపచ్చ బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. మీ ప్రాంతంలో అలాంటి సంవత్సరాలు అరుదు కావు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఈ సమస్య మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నది. విషం చెక్కలోకి వచ్చిన తరువాత ఎండబెట్టినా, కడిగినా, ఉడకబెట్టినా పోదు. పెట్టలు కాలేయం చెడి గుడ్లు తగ్గిస్తాయి, పిల్లలు చనిపోతాయి, బాతులైతే ఇంకా ముందు పోతాయి. ముక్కిన వాసన వచ్చినా, చెక్క విరిచినప్పుడు లోపల ఆకుపచ్చ పొడి కనిపించినా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఏరివేసిన, పుచ్చిపోయిన వేరుశనగ కాయలతో ఆడించిన చెక్క కాదు కదా అని గానుగలో అడగండి, ఎందుకంటే మంచి పప్పు మార్కెట్‌కు వెళ్లి ఏరివేసిన పప్పు గానుగకు రావడం మామూలే. తవుడును పదిహేను రోజులకు మించి నిలవ ఉంచకండి, అందులోని నూనె ముక్కిపోతుంది. గింజ సంచులను గోడకు ఆనించకుండా చెక్క పలకల మీద పెట్టండి. మొక్కజొన్న గింజను పంటితో కొరికితే టక్కున విరగాలి, మెత్తగా నలిగితే మరో రెండు ఎండలు కావాలి.

జీఎం గురించి ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కానీ బూజు గురించి వచ్చింది ఒక్కటే. నా అనుభవంలో పెరటి కోళ్లను ఎక్కువగా చంపిన దాణా బూజు పట్టినదే.

ప్రశ్న: అజొల్లా పెంచితే దాణా కొనే పనే ఉండదంటున్నారు. నిజమేనా? పురుగులు పెంచి పెట్టడం గురించి కూడా చెప్పండి. – ఒక పాఠకుడు, కోనసీమ జిల్లా

జవాబు: నీళ్లమీద తేలి పెరిగే అజొల్లా మొక్కలో 25 శాతం వరకు ప్రొటీన్ ఉందని చెప్పే లెక్క ఎండబెట్టిన అజొల్లాది. తొట్టిలోంచి తీసిన పచ్చి అజొల్లాలో తొంభై పాళ్లకు పైగా నీళ్లే. కిలో పచ్చి అజొల్లా నుంచి దక్కే ప్రొటీన్ పదిహేను గ్రాములకు అటూ ఇటూ, అంటే ఒక గుప్పెడు వేరుశనగ చెక్కతో సమానం. సొనకు మంచి రంగు ఇస్తుంది, కోళ్లు ఇష్టంగా తింటాయి, ఆకుకూరలాగా పెట్టండి. దాణా మానేయడానికి మాత్రం అది సాకు కాదు. సంక్రాంతి పుంజులకు బాదంపప్పు మేపే సీమలో పెట్టలకు గుప్పెడు చెక్క బరువా!

పురుగుల సంగతి వేరు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగుల ఎండు బరువులో 40 శాతం వరకు ప్రొటీన్ ఉంటుంది, కూరగాయల తొక్కలూ మిగిలిన అన్నమూ తిని అవి పెరుగుతాయి. అంత ఏర్పాటు వద్దనుకుంటే కుండలో తడిపిన ఎండుగడ్డి, పేడ, చింకి గోనె పెట్టి సాయంత్రం చెదపుట్ట పక్కన బోర్లించండి. తెల్లారేసరికి కుండ చెదలతో నిండుతుంది, దాన్ని పిల్లల ముందు దులిపితే చాలు. తొలకరిలో దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లను కోడిపిల్లలు ఎలా ఎగబడి తింటాయో మీరు చూసే ఉంటారు. పురుగుమందు చల్లిన చోట ఈ పని చేయవద్దు.

ప్రశ్న: మేమే సోయా పండిస్తున్నాం. మా సోయా జీఎం కాదని తెలుసు కాబట్టి గింజలను నేరుగా కోళ్లకు వేయవచ్చా? – ఒక రైతు, నిర్మల్ జిల్లా

జవాబు: పచ్చి సోయా వేయకూడదు. దానిలో ప్రొటీన్ జీర్ణం కాకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది. గింజ మంచిదే అయినా కోడి ఎదగదు, క్లోమగ్రంథి ఉబ్బుతుంది. వేడి చేస్తే ఆ అడ్డు తొలగుతుంది. నానబెట్టిన గింజను అరగంట ఉడకబెట్టి ఎండబెట్టవచ్చు, లేదా ఇసుకలో మాడకుండా వేయించవచ్చు. సరిగ్గా ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఆరిన గింజను పొడి చేసి, సీసాలో కొంచెం యూరియా, గోరువెచ్చని నీళ్లతో కలిపి మూత బిగించండి. ఇరవై నిమిషాల తరువాత మూత తీసినప్పుడు ఘాటైన అమ్మోనియా వాసన కొడితే ఇంకా ఉడకాలి. ఆ సీసాలోది పారబోయండి, కోళ్లకు వేయకండి. నూనె తీయని గింజ కాబట్టి దాణాలో పది శాతం దాటనివ్వకండి.

ప్రశ్న: డాలస్ శివారులో ఉంటున్నాం. పెరట్లో ఎనిమిది కోళ్లున్నాయి. ఇక్కడ జీఎం కాని దాణా మామూలు దాణాకు దాదాపు రెట్టింపు ధర. ఇండియాలో అమ్మ పెట్టినట్టు గింజలు చల్లి పెంచలేమా? – ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీ పరిస్థితి సిద్దిపేట పాఠకురాలికి సరిగ్గా ఎదురు. అమెరికాలో పండే మొక్కజొన్న, సోయా రెండింటిలోనూ 90 శాతానికి పైగా జీఎం రకాలే, పత్తి చెక్క, కనోలా (ఆవాల జాతి నూనెగింజ) చెక్క కూడా అంతే. అందువల్ల అక్కడ ముద్ర లేని మామూలు సంచిలో జీఎం సరుకు ఉందనే అనుకోవాలి, ముద్రకు కొంత విలువ ఉంది. అయితే అమెరికా వ్యవసాయ శాఖ వారి ‘యూఎస్‌డీఏ ఆర్గానిక్’ ముద్ర ఉన్న దాణాలో జీఎం దినుసులు నిషిద్ధం కాబట్టి దానిమీద ‘నాన్ జీఎంఓ’ సీతాకోకచిలుక ముద్ర కూడా వెతకనవసరం లేదు. సేంద్రియ పద్ధతి పట్టింపు లేనప్పుడు సీతాకోకచిలుక ఒక్కటే ఉన్న సంచి సాధారణంగా చవక.

ఇంకా తగ్గాలంటే మీ రాష్ట్రంలోనే ఒక మార్గం ఉంది. అక్కడి దాణా కొట్లలో ‘మైలో’ అని అమ్మేది మన జొన్నే, అమెరికాలో జొన్న పండించడంలో కాన్సస్ తరువాత టెక్ససే. వాణిజ్య సాగులో జీఎం జొన్న లేదు. మైలో, ఓట్లు, బార్లీ గింజలుగానూ, ఎండు బఠాణీలు, పొద్దుతిరుగుడు చెక్క ప్రొటీన్ కోసమూ వాడే చిన్న మిల్లులు కొన్ని సోయా లేని మిశ్రమాలను తయారుచేస్తాయి. ఊరికి దూరంగా ఉన్న మిల్లుకు వెళ్లి నేరుగా కొంటే పెద్ద కొట్టు లాభం మీకు మిగులుతుంది.

ఎనిమిది పెట్టలు రోజుకు రెండు పౌన్లు తింటాయి. 50 పౌన్ల సంచి మీకు ఇరవై అయిదు రోజులు వస్తుంది. పొడి దాణా రెండు నెలలు దాటితే విటమిన్లు సన్నగిల్లుతాయి, కాబట్టి ధర తగ్గుతుందని ఒక్కరే అయిదారు సంచులు కొనకండి. కోళ్లున్న మరో రెండు తెలుగు కుటుంబాలతో కలిసి కొనండి.

అమ్మ పెట్టినట్టు గింజలు చల్లడం గురించి: అమ్మ కోళ్లకు వెనక కళ్లం, పెంటకుప్ప, పొలం గట్టు ఉండేవి. అవి ప్రొటీన్ అంతా అక్కడే ఏరుకునేవి. నాటు పెట్ట ఏడాదికి పెట్టే గుడ్లు అరవై, డెబ్బై దాటకపోయినా ఎవరూ లెక్క అడగలేదు. మీ పెరట్లో కత్తిరించిన పచ్చిక, మీ గూట్లో ఏడాదికి 250 గుడ్లు పెట్టే జాతులు. గింజలు మాత్రమే చల్లితే అవి నెల తిరగకుండా గుడ్లు ఆపి ఈకలు పీక్కుంటాయి. పూర్తి దాణాలో పదో వంతు వరకు గింజలు, కూరగాయల తొక్కలు పెట్టవచ్చు. ఈ తొక్కల విషయంలో ఇంగ్లండ్‌లో ఉన్న పాఠకులు జాగ్రత్తగా ఉండాలి, వంటగదిలోకి ఒకసారి వెళ్లివచ్చిన ఏ పదార్థాన్నీ కోళ్లకు వేయడం అక్కడ చట్టవిరుద్ధం. పూర్తి శాకాహార వంటగది అంటే పాలు కూడా రానిది అయితేనే మినహాయింపు.

ప్రశ్న: గుడ్ల అట్ట మీద ‘జీఎం రహిత ఆర్గానిక్ గుడ్లు’ అని ముద్రించుకోవచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ‘ఆర్గానిక్’ అన్న మాట వద్దు. దానికి కేంద్ర నియమాల ప్రకారం ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా ధ్రువీకరణ వ్యవస్థ ఉంది. జీఎం దాణా వాడకపోవడం అందులోని షరతుల్లో ఒకటి మాత్రమే, కోళ్లు తిన్న గింజలన్నీ సేంద్రియంగా పండాలి. ‘జీఎం రహిత’ అన్నా ఎవరైనా రుజువు అడగవచ్చు. ఆడించిన చెక్కలో వేడికి ప్రొటీన్ చెడిపోతుంది కాబట్టి పత్తి విత్తనాల్లో బీటీ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష పట్టీలు అక్కడ నమ్మదగినవి కావు, ప్రయోగశాలలో జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఖర్చు మీ నెల లాభాన్ని మింగేస్తుంది. దానికి బదులు ఉన్నది ఉన్నట్టు రాయండి: “మా కోళ్లు తిన్నవి: మొక్కజొన్న, సజ్జలు, నూకలు, తవుడు, వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క, ఎండుచేపలు. పత్తి చెక్క, సోయా చెక్క వాడలేదు.” కొన్న తేదీ, కొన్న చోటు ఒక పుస్తకంలో రాసి, గానుగ రసీదును ఆ పేజీకే పిన్ను చేసి ఉంచండి.